కార్డులో నెల తక్కువ

మా ఇంట్లో ఎవరి వయసూ కార్డులో ఉన్నది కాదు. మా అత్తకి కార్డులో నాలుగేళ్లు ఎక్కువ, పింఛను ముందే రావాలని. నాకు తొమ్మిదేళ్లు తక్కువ. ఆధార్ కార్డులకి ఫొటోలు తీసిన కొత్తల్లో రేపల్లె స్కూల్లో బల్ల వేసుకుని కూర్చున్నతను "పుట్టిన తేదీ ఏంటక్కా" అని అడిగితే నాకేం తెలుసు? మినుము పీకే రోజుల్లో పుట్టావని మా అమ్మ చెప్పేది, అంతే. అతను నా మొహం ఒకసారి చూసి, జనవరి ఒకటి అని కొట్టి, సంవత్సరం తనే వేసేశాడు. తొమ్మిదేళ్లు తగ్గించాడని తెలిశాక మా ఆయనకి చూపించి మురిసిపోయాను కూడా.

ఆ రెండు కార్డులతో ఎవరికీ ఏ చిక్కూ రాలేదు. చిక్కు మా అమ్మాయి కార్డుతో వచ్చింది. అందులో ఉన్నది నేను చెప్పిన వయసు.

అమ్మాయి ఇంటరు అయ్యాక నర్సింగు చదువుతానని పట్టుబట్టింది. దానికి ప్రవేశ పరీక్ష బాపట్లలో. మొదటి ఏడు మేమిద్దరం రేపల్లెలో తెల్లారగట్ల మొదటి బస్సు ఎక్కాం. నగరం అనే ఊరు దాటి కాస్త దూరం పోయాక బస్సు వెనక చక్రం కూర్చుంది. డ్రైవరు కిందికి దిగి చక్రాన్ని తిట్టాడు, కండక్టరు డ్రైవర్ని తిట్టాడు. చివరికి ఎవరిదో ఆటో పట్టుకుని పరీక్ష దగ్గరికి చేరేసరికి ఏడున్నర దాటి నాలుగు నిమిషాలు. గేటు మూసేశారు.

"నాలుగు నిమిషాలేగా బాబూ" అన్నాను గేటు దగ్గర కాపలా అతనితో.

"అది మీ లెక్కమ్మా. మాకు గేటు మూశామా లేదా, అంతే."

అమ్మాయి ఏడవలేదు. గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ నిలబడింది. లోపల పిల్లలు వరసలో ఒక్కొక్కరే మెట్లెక్కిపోతున్నారు. చివరి పిల్ల కూడా లోపలికి పోయిందాకా చూసి, "పదమ్మా" అంది. ఇంటికొచ్చి గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పింది. ఆ ఏడాదంతా మా ఇంట్లో అన్నాలు కూడా పది నిమిషాలు ముందే తిన్నాం.

రెండో ఏడు హాల్ టికెట్టు వచ్చిన రోజునే చెప్పేసింది.

"ముందు రోజే పోతాను. అక్కడే లాడ్జిలో పడుకుంటాను. పొద్దున్నే నడిచి పోవాలి. బస్సుని నమ్మను, రైలుని నమ్మను. నువ్వు చెప్పే 'పోదాంలే'ని అసలు నమ్మను."

"ఒక్కదానివా?"

"నువ్వూ రా. ఎవరొద్దన్నారు?"

వెళ్లేదాన్నే. సరిగ్గా ఆ ముందు రోజే మా అత్తకి తెనాల్లో కంటి ఆపరేషను. రెండు కళ్లలో పొరలు. ఎడం కన్ను ముందు చేస్తామని ఆ రోజు రమ్మన్నారు. తప్పితే మళ్లీ ఎన్నాళ్లకో. మా ఆయన వరికోత మిషను డ్రైవరు. ఆ వేసవి వరంగల్ వైపు చేలల్లో ఉన్నారు. అత్త వెంట ఉండాల్సింది నేనే. మా అత్త నాకు మేనత్త కూడా. చిన్నప్పటి నుంచీ నువ్వనే అంటాను, పెళ్లయ్యాక కూడా నోరు తిరగలేదు.

"నా కన్ను వచ్చే నెల చేయించుకుంటాలే" అంది అత్త.

"పోయిన నెలా ఇదే అన్నావు."

"ఎండల్లో కంటికి కత్తి పెట్టకూడదంటారు."

"నానమ్మా, నాకోసం నువ్వేం ఆగొద్దు" అంది అమ్మాయి. "నేను పోగలను. నాకు పందొమ్మిది దాటాయి."

అమ్మాయి అన్నది అబద్ధం కాదు. ఇంట్లో వయసు పందొమ్మిదిన్నర. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు. కార్డు ఏమంటుందో ఆ పూట ఎవరికీ తట్టలేదు.

ముగ్గురం పొద్దుటి పాసింజరెక్కి తెనాలిలో దిగాం. అమ్మాయి బాపట్ల రైలు ఎక్కాలి, మేం ఆస్పత్రికి పోవాలి. ప్లాట్‌ఫారం మీద దాని సంచి నేను మూడుసార్లు విప్పి చూశాను. హాల్ టికెట్టు, కార్డు, పెన్నులు రెండు, పులిహోర పొట్లం, నీళ్ల సీసా. ఫోను చార్జరు నా చేతి సంచిలో ఉందన్న సంగతి మాత్రం చూసుకోలేదు. రేపల్లెలో ఇల్లు తాళం వేసేటప్పుడు గోడ నుంచి పీకి తొందరలో నా సంచిలో వేసుకున్నాను.

"గది తీసుకోగానే గడియ పెట్టుకో. ఎవరు తట్టినా తీయకు. కిటికీ..."

"అమ్మా, రైలు కదిలింది."

రైలు పోయింది. మా అత్త రైలు పోయిన వైపు కళ్లు చికిలించి, "ఏ పెట్టెలో ఎక్కింది?" అంది. చివరి పెట్టె మూల మలుపు తిరిగే దాకా అలా చూస్తూనే ఉంది. ఆమెకి రైలు మొత్తం ఒక నల్ల మరకలా కనిపించి ఉంటుంది.

ఆస్పత్రిలో అత్తకి కంట్లో చుక్కలు వేసి, ఆకుపచ్చ గౌను తొడిగి, లోపలికి తీసుకుపోయారు. నేను బయట బల్ల మీద. ఫోను చేతిలో. గంటలో రావాల్సిన ఫోను రెండు గంటలైనా రాలేదు. చేద్దామంటే దారిలో ఉంటుందేమో, రోడ్డు దాటుతుంటుందేమో అని ఊరుకోవడం. ఊరుకోలేక లేవడం. మంచినీళ్ల కుళాయి దాకా పోయి, తాగకుండానే తిరిగి రావడం. నా పక్కన కూర్చున్నావిడ "ఏం పిన్నీ, లోపల మీ అమ్మా?" అంది. "మా అత్త" అన్నాను. "అత్త కోసం ఇంత కంగారు పడేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా" అని ముక్కున వేలేసుకుంది.

ఫోను మోగింది.

"అమ్మా, ఇక్కడ ఇవ్వరంట."

"ఏం ఇవ్వరంట?"

"గది. ఇరవై ఒకటి నిండకపోతే, ఒక్కళ్లే వస్తే ఇవ్వరంట. పెద్దవాళ్లని తీసుకురమ్మన్నారు."

"పరీక్షకి వచ్చానని చెప్పావా?"

"హాల్ టికెట్టు చూపించాను. చూసి, ఆల్ ది బెస్టమ్మా అన్నాడు."

ఇంకోచోట చూడమన్నాను. లాడ్జి అన్నాక ఒకటే ఉంటుందా? పావుగంటకి మళ్లీ ఫోను.

"ఇక్కడ బాపట్ల జిల్లా వాళ్లకి ఇవ్వరంట. ఊరివాళ్లకి గదులెందుకు, గొడవలు అంటున్నాడు."

"మనది గుంటూరు జిల్లా కదే?"

"ఎప్పుడో మారిందమ్మా. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లానే."

"కార్డులో గుంటూరనే ఉందిగా?"

"అదే చెప్పాను. కార్డు తప్పన్నాడు."

నాకు ఒళ్లు మండింది. బస్సులో పోతే రెండు గంటల దారి. మా ఊరివాళ్లు బాపట్లవాళ్లు ఎప్పుడయ్యారు? జిల్లా మారిందంటే మా ఇల్లేమన్నా లేచి నడిచిపోయిందా? అవన్నీ ఎవరితో అనను? పక్కనావిడతో అన్నాను. ఆవిడ "మాది తెనాలే. మాది మారలేదు" అంది, అదేదో తన గొప్పలాగ.

మూడో ఫోను కోసం ఆస్పత్రి మెట్ల మీదకొచ్చి నిలబడ్డాను. ఎండ చెంపల మీద కొడుతోంది.

"అమ్మా, ఇక్కడ పెద్దాయన మంచాయనే. పద్దెనిమిది నిండితే చాలంట. ఆడపిల్లలకి కౌంటరు పక్కనే గది ఇస్తారంట."

"హమ్మయ్య. తీసేసుకో మరి."

 అటువైపు ఏదో మోటారుసైకిలు పోయిన చప్పుడు వినపడింది.

"వేళ్ల మీద లెక్కపెట్టాడమ్మా. ఒక నెల తక్కువ ఉంది. మైనరుకి ఇస్తే పోలీసులు అడుగుతారంట. ఒక నెలాగి రా తల్లీ అన్నాడు."

 నెలాగి వస్తే పరీక్ష ఆగుతుందా?

"అది నిజం వయసు కాదని చెప్పు తల్లీ."

"చెప్పాను. అందరూ అదే చెప్తారమ్మా అన్నాడు. ఆ లాడ్జిలో కార్డు తప్పన్నారు, ఈ లాడ్జిలో కార్డే నిజమంటున్నారు. బళ్లో మాస్టారు తప్పు రాశారని కూడా చెప్పాను."

మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మాస్టారు తప్పు రాయలేదు.

మా ఇంట్లో ఎప్పుడు ఆ మాట వచ్చినా మాస్టారి మీదకే నెట్టేవాళ్లం. జరిగింది వేరు. అమ్మాయిని బళ్లో వేసేటప్పటికి దానికి ఆరున్నరేళ్లు. ముందేడు వేద్దామంటే జ్వరాలు, ఆ పై ఏడు మా ఆయన పని మీద ఊళ్లు తిరగడం. బళ్లో వేసే రోజున మా అత్త అంది: "ఐదని చెప్పు. రేపు గవర్నమెంటు ఉద్యోగానికి వయసు చాల్లేదనుకో, ఈ ఏడాదిన్నర కలిసొస్తది. మా చెల్లెలి కొడుక్కి అట్లానే కలిసొచ్చింది." నాకూ అది తెలివైన మాటగానే తోచింది. నేను నాలుగో తరగతితో మానేసినదాన్ని. నా బిడ్డకి ఉద్యోగం అనే మాట వినపడితే చాలు, ఏం చెప్పమన్నా చెప్పేదాన్ని.

అప్పటికింకా మా బళ్లో పెద్ద మాస్టారు పాత పద్ధతిలో పిల్లల్ని చూసేవారు. కుడిచేయి తలమీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోవాలి. అందితే బడి ఈడు వచ్చినట్టు. ముందు రోజు అరుగు మీద అమ్మాయిని కూర్చోబెట్టి నేర్పాం. "చెవి కొస మాత్రమే తగలాలి. మొత్తం పట్టుకోకూడదు." బంగారు తల్లి, చక్కగా నేర్చుకుంది. తీరా మాస్టారి ముందు నిలబెట్టగానే సంబరంతో చెవి మొత్తం గుప్పిట్లో పట్టేసి, పై పళ్లు రెండూ ఊడిన నోటితో నవ్వింది.

మాస్టారు ఆ బోసినోరు చూసి, "ఐదేళ్లకే పళ్లూడాయా అమ్మా?" అన్నారు.

"తీపి తెగ తింటదండి" అంది మా అత్త, రెప్ప వెయ్యకుండా.

నేను వెనక నుంచి దాని వీపు మీద గిల్లాను. పిల్ల ఉలిక్కిపడి, చెయ్యి జార్చి, చెవి కొస పట్టుకుంది. మాస్టారు నవ్వి, జూన్ నెలలో ఒక తేదీ రాసుకున్నారు. బళ్లు తెరిచే నెల కదా, లెక్క తేలిగ్గా సరిపోతుందని అందరికీ ఆ నెలే రాసేవారు. మా అమ్మాయితో చదివినవాళ్లలో సగం మంది జూన్‌లోనే పుట్టారు.

ఆ తేదీ ఇంకా నెల దూరంలో ఉంది. మా అమ్మాయి బాపట్ల రోడ్డు మీద సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"స్టేషనుకి పో" అన్నాను. "ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లో ఫ్యాను కింద కూర్చో. కదలకు. నేను ఏదో ఒకటి చేస్తాను."

"ఏం చేస్తావమ్మా?"

"చేస్తాను."

"చార్జింగు అయిపోవచ్చిందమ్మా. చార్జరు కనిపించడం లేదు."

నా చేతి సంచిలోంచి చార్జరు వైరు బయటికి వేలాడుతోంది. అప్పుడు చూశాను.

బాపట్లలో మాకు తెలిసినవాళ్లు లేరు. చీరాలలో నేతపని చేసే దూరపు చుట్టాలున్నారు కానీ వాళ్ల నెంబరు మా ఆయన ఫోన్లో ఉంది. ఆయన కోత మిషను మీద ఉంటే ఫోను మోత వినపడదు. ఆరుసార్లు చేశాను. ఇక్కడ అత్త, అక్కడ పిల్ల. అత్తని వదిలి పోతే కంటికి కట్టుతో ఆమె ఒక్కతే రేపల్లె ఎలా పోతుంది? పోకపోతే పిల్ల తిరిగి తెనాలి రావాలి, రేపు తెల్లారగట్ల మళ్లీ రైలు. ఆ వారం లైను మీద ఏదో పని జరుగుతోందని పొద్దుటి రైళ్లు ఆలస్యంగా నడుస్తున్నాయని ప్లాట్‌ఫారం మీద మైకులో విన్నాను. బస్సంటే, బస్సు సంగతి మాకు తెలుసు. మళ్లీ గేటు ఊచలు.

మా అత్తని బయటికి తెచ్చారు. ఎడం కంటి మీద తెల్లటి కట్టు, దానిమీద నల్ల కళ్లజోడు. నర్సమ్మ చెప్పుకుంటూ పోతోంది. రేపు పొద్దున్న కట్టు తీసేసి అప్పట్నుంచి రెండు గంటలకోసారి చుక్కలు వేయాలి, తలకి నీళ్లు తగలకూడదు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు. సాయంత్రం ఇంటికి పోవచ్చు. నేను తలాడిస్తున్నాను కానీ ఒక్కటీ బుర్రకెక్కడం లేదు.

"పిల్ల చేరిందా?" అంది అత్త, మంచం మీద కూర్చోబెట్టగానే.

చెప్పకూడదనుకున్నాను. ఆపరేషను చేయించుకున్న మనిషి. నా నోరు ఆగలేదు. మూడు లాడ్జీలూ చెప్పాను, జిల్లా చెప్పాను, నెల తక్కువ చెప్పాను. మాస్టారి మాట దగ్గరికొచ్చేసరికి అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఐదని చెప్పమంది నేను."

"చెప్పింది నేను."

"ఇప్పుడు పంచుకోవడానికి కూర్చున్నామా?" అంది అత్త, ఒంటికంటితో చెప్పుల కోసం కింద వెతుకుతూ. "వాళ్లకి కావలసింది పెద్దవాళ్లేగా. పద. ఇద్దరు పెద్దవాళ్లని ఒకేసారి చూపిద్దాం."

"నీ కన్ను!"

"కట్టు కంటికి కట్టారు. కాళ్లకి కాదు."

నర్సమ్మ వినలేదో, వినీ ఊరుకుందో. నేను చుక్కల మందు చేతి సంచిలో పెట్టుకుని అత్త చెయ్యి పట్టుకుని బయల్దేరాను. ఆటోలోంచి అమ్మాయికి ఫోను చేస్తే స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

తెనాలి నుంచి బాపట్ల గంట ప్రయాణం కూడా కాదు. ఆ సాయంత్రం ఆ రైలు ఎన్నిసార్లు ఆగిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. చుండూరులో ఆగింది, సరే. నిడుబ్రోలులో ఆగింది, సరే. ఆ మధ్యలో చేల మధ్య ఊరికే ఆగింది, అదేంటి? కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. సిగ్నలు కనిపించలేదు. మినుము పీకేసిన నేల నెర్రెలిచ్చి ఉంది. కొంగ ఒకటి నడుస్తోంది. అది కూడా మా రైలు కంటే తొందరగా పోతోందనిపించింది. లేచాను, కూర్చున్నాను. ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. మళ్లీ లేచాను.

"నువ్వు లేస్తే రైలు కదుల్తుందా?" అంది అత్త.

ఎదురు సీటాయన అత్త కళ్లజోడు చూసి, "కంటి ఆపరేషనా పెద్దమ్మా?" అన్నాడు.

"కాదు నాయనా, సినిమాలో వేషం ఇచ్చారు."

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆమె వేళ్లు నా చేతి మీద మినప్పప్పులో రాళ్లు ఏరుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

బాపట్ల స్టేషన్లో దిగి ఆడవాళ్ల వెయిటింగ్ హాలుకి దాదాపు పరిగెత్తాను. ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను కింద ఎవరో ముసలామె చాప పరుచుకుని పడుకుంది. మా అమ్మాయి లేదు.

బయట బల్లల మీద లేదు. టీ కొట్టు దగ్గర లేదు. టీ కొట్టతన్ని అడిగాను: ఇంత పొడుగు, పసుపు చున్నీ, నల్ల సంచి. "చాలామంది పిల్లలొచ్చారమ్మా, రేపు పరీక్షంట" అన్నాడు. ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి పోయాను. మళ్లీ వచ్చాను. అత్త స్తంభం పట్టుకుని నిలబడి, ఒంటికంటితో వచ్చేపోయేవాళ్లందరినీ చూస్తోంది. వాళ్లలో మనవరాలిని పోల్చగలదో లేదో ఆమెకే తెలీదు. కదలకు అన్నాను కదా, ఎందుకు కదిలింది? ఎవరైనా పిలిచారా? గది ఇప్పిస్తామన్నారా?  రైల్వే పోలీసు గది ఎక్కడుందో అడగడానికి తిరిగాను.

"ఆ వచ్చేది మన పిల్ల నడకేనే" అంది అత్త.

స్టేషను బయటి రోడ్డు మీద, చున్నీ తలకి కప్పుకుని, తల వంచుకుని, పెదవులు కదుపుకుంటూ వస్తోంది. మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"నానమ్మా? కట్టేంటి... నువ్వెందుకొచ్చావ్?"

"ఎక్కడికి పోయావే!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "కదలొద్దని చెప్పానుగా!"

"పరీక్ష దగ్గరికి నడిచి వచ్చానమ్మా. ఆ మూడో లాడ్జి దగ్గర నుంచి పదకొండు నిమిషాలు. మూడుసార్లు నడిచాను. ఒకసారి పన్నెండు పట్టింది, రోడ్డు దాటడానికి ఆగాల్సి వచ్చింది." చేతి గడియారం చూపించింది. "ఫోను ఆగిపోయింది. గడియారం ఉందిగా."

గది లేదు. పడుకునే చోటు లేదు. ఈ పిల్ల దారి కొలుచుకుంటోంది. దాన్ని కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో తెలియక చున్నీ సర్దాను.

మూడో లాడ్జికే పోయాం. కౌంటరులో పెద్దాయన చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకుని కూర్చున్నారు. అమ్మాయిని చూసి గుర్తుపట్టారు.

"మళ్లీ వచ్చావా తల్లీ?"

"పెద్దవాళ్లని తెచ్చానండి."

మూడు కార్డులూ బల్ల మీద పెట్టాం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని ఒక్కొక్కటే చూశారు.

"ఈమెకి డెబ్భై. అబ్బో, అలా లేరే."

"నీ కంట్లో కూడా పొరేమో చూపించుకో నాయనా" అంది అత్త.

ఆయన నా కార్డు చూశారు. అమ్మాయి కార్డు చూశారు. మళ్లీ నాది చూశారు. వేళ్లు మడిచారు.

"నువ్వు తల్లివా అమ్మా? ముప్ఫై రెండంటోంది కార్డు. పిల్లకి పదిహేడు. పదిహేనేళ్లే తేడా. రేపు ఎవరన్నా వచ్చి రిజిస్టరు చూస్తే నన్నేమనుకోవాలి?"

 రైల్లో అంతసేపు ఆలోచించాను కానీ నా కార్డు సంగతే మర్చిపోయాను. మురిసిపోయిన ఆ తొమ్మిదేళ్లు తిరిగొచ్చి నా మీదే కూర్చున్నాయి.

"నాకు నలభై ఒకటండి" అన్నాను. "అమ్మాయికి పందొమ్మిదిన్నర. నాది ఎవరో చూసి రాసింది. అమ్మాయిది మాత్రం..." అమ్మాయి పక్కనే ఉంది. దాని వైపు చూడకుండా చెప్పాను. "మాస్టారు తప్పు రాయలేదండి. నేనే అబద్ధం చెప్పాను. ఉద్యోగానికి పనికొస్తుందని చెప్పాను. ఇవాళ దానివల్లే పిల్ల రోడ్డు మీద తిరిగింది."

"నాకు తెలుసమ్మా" అంది అమ్మాయి.

తిరిగి చూశాను.

"వీపు మీద గిల్లావుగా. ఐదేళ్ల పిల్లనైతే మర్చిపోయేదాన్నే. ఆరున్నర కదా, గుర్తుంది."

"మరి ఇందాక ఈయనకి మాస్టారు తప్పని..."

"ఏమని చెప్పమంటావు? మా అమ్మ అబద్ధం చెప్పిందని కొత్త మనిషితో అంటానా?"

పెద్దాయన పెన్ను మూత తీస్తూ, పెడుతూ కాసేపు కూర్చున్నారు. పైన ఏదో గదిలో బకెట్టులోకి నీళ్లు పడుతున్న చప్పుడు.

"నేను కార్డులో ఉన్నదే రాయాలమ్మా. మీ నోటి వయసులు నాకు పనికిరావు" అన్నారు చివరికి. మా ముగ్గురి వయసులూ కార్డుల్లో ఉన్నవి ఉన్నట్టే రాశారు. పెద్దవాళ్లు అన్నచోట నా పేరు రాయలేదు, అత్త పేరు రాశారు. "డెబ్భై ఏళ్ల మనిషి వెంట ఉన్నారు. ఎవరడిగినా అదే చెప్తాను." తాళంచెవి అత్త చేతిలో పెట్టారు.

"ఆ నాలుగేళ్లూ ఊరికే పోలేదు" అని అత్త మెట్ల దగ్గర నా చెవిలో అంది.

పొద్దున్న ఆరింటికే బయల్దేరాం. అమ్మాయి ముందు, అత్త చెయ్యి పట్టుకుని నేను వెనక. పదకొండు నిమిషాలు కాదు, అత్త నడకకి ఇరవై నిమిషాలు పట్టింది. గేటు ఇంకా తీయలేదు. తీయగానే అందరికంటే ముందు మా అమ్మాయి లోపలికి పోయింది. మెట్లెక్కుతూ ఒకసారి వెనక్కి చూసి, చేతి గడియారం వైపు వేలు చూపించింది.

నేను అక్కడి నుంచి కదల్లేకపోయాను. ఏడున్నరకి గేటు మూశారు. రెండు నిమిషాల తరవాత ఒక ఆటో వచ్చి ఆగింది, అందులోంచి ఒకావిడ, ఒక పిల్ల దూకారు. "రెండు నిమిషాలేగా బాబూ" అంటోంది ఆవిడ. నేను తల తిప్పుకుని, అత్త కంట్లో చుక్కలు వేసే టైమైందని సంచిలో వెతకడం మొదలుపెట్టాను. సీసా చేతికి తగులుతూనే ఉంది, కనిపించడం లేదు.

అమ్మాయికి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించడానికి రెండు రోజులు రమ్మన్నారు, మళ్లీ బాపట్లకే. జూన్ నెలాఖరు. మాస్టారు రాసిన తేదీ దాటి పది రోజులో ఎన్నో అయింది. ఆ తేదీన మేమెప్పుడూ ఏమీ చేసింది లేదు. దాని అసలు పుట్టినరోజు కార్తీకంలో. ఈసారి మాత్రం మా అత్త, రెండో కన్ను కూడా చేయించుకుని, రెండు కళ్లూ చక్కగా కనిపిస్తుండగా, సేమియా పాయసం వండింది. "కార్డులో పిల్ల ఈడుకొచ్చింది" అంది.

"నేనొస్తాను" అన్నాను.

"వద్దు."

"స్టేషను దాకా?"

"మన స్టేషను దాకా."

రేపల్లె ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. సంచి విప్పలేదు. చార్జరు మాత్రం బయటి నుంచే చేత్తో తడిమి చూశాను. ఇంటికొచ్చి అన్నం వండాను. మళ్లీ వండాను, మొదటిసారి ఎసట్లో బియ్యం పోయడం మర్చిపోయాను. అత్త గడియారం కింద కూర్చుని, నేను వాకిట్లోకి ఎన్నిసార్లు పోయానో లెక్కపెట్టింది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"ఇచ్చారమ్మా. అదే పెద్దాయన. మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టాడు."

"సరిపోయిందా?"

"సరిపోయింది. మీ నానమ్మ రాలేదేం అన్నాడు."

"గదిలోకి పోయావా?"

"గదిలోంచే మాట్లాడుతున్నా."

"గడియ పెట్టావా?"

"పెట్టానమ్మా."

"మళ్లీ చూడు."

అటు నుంచి నవ్వు వినపడింది. తరవాత అడుగుల చప్పుడు. గడియ తీసి, మళ్లీ పెట్టిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.